సివతనేహోలో ఎక్కడ తినాలని అడక్కండి, ఎన్నింటికని అడగండి

మొన్న మా బావమరిది డాలస్ నుంచి ఫోన్ చేశాడు. మే నెలలో పెళ్ళాం పిల్లలతో మెక్సికో వెళ్తున్నాడట, అందరూ వెళ్ళే కాన్‌కూన్ వద్దనుకుని మేం వెళ్ళొచ్చిన ఊరికే టికెట్లు తీశాడట. "బావా, అక్కడ మంచి లోకల్ హోటళ్ళ పేర్లు ఓ పది పంపించు, మ్యాప్‌లో పెట్టేసుకుంటా" అన్నాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి పెన్ను తీసుకుని కూర్చుంటే గుర్తొచ్చినవి రెండే పేర్లు. ఆ రెండూ బాగోలేనివి. బాగున్నవాటి పేర్లు నాకు తెలీవు. కొన్నిటికి బోర్డే లేదు, ఒకదానికి బోర్డున్నా అది కూల్‌డ్రింకు కంపెనీవాళ్ళ బోర్డు. పదిరోజులుండి, పూటపూటా తిని, తిన్నదంతా ఫోటోలు తీసుకుని వచ్చినవాడిని ఒక్క మంచి పేరు చెప్పలేకపోవడం ఏంటని నాకే చిరాకేసింది. తర్వాత ఆలోచిస్తే తేడా అడిగిన ప్రశ్నలోనే ఉందనిపించింది. అందుకే ఈ పోస్టు.

ఊరు సివతనేహో. మెక్సికో పసిఫిక్ తీరంలో, గెరెరో రాష్ట్రంలో, అకపుల్కోకి వాయవ్యంగా దాదాపు 240 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడివాళ్ళు పొట్టిగా సీవా అంటారు. ఒక పాత హాలీవుడ్ జైలు సినిమా పుణ్యాన పేరు విన్నవాళ్ళు చాలామందే ఉంటారు. అక్కణ్ణుంచి ఆరేడు కిలోమీటర్లు వెళ్తే ఇస్తాపా వస్తుంది, దాన్ని ఊరనాలో అనకూడదో నాకు తెలీదు. 1970ల్లో మెక్సికో ప్రభుత్వం కాన్‌కూన్ లాగే కాగితం మీద ప్లాను గీసి కట్టించిన హోటళ్ళ వరస అది. సీవా అలా కాదు, అంతకు ముందునుంచీ ఉన్న జాలర్ల ఊరు. అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు కాబట్టి, భీమవరం నుంచి మా దగ్గరికి వచ్చిన నాన్నగారిని కూడా వెంటేసుకుని ఫిబ్రవరిలో హ్యూస్టన్ నుంచి ఎగిరాం, నేనూ మా ఆవిడా.

మొదటిరోజు రాత్రి చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. దిగేసరికి సాయంత్రం, స్నానాలవీ చేసేసరికి ఎనిమిది. ఫోన్ తీసి వెతికితే సముద్రానికి ఎదురుగా ఒక రెస్టారెంటు, వేలకొద్దీ రివ్యూలు, నాలుగున్నర దాటిన స్టార్లు. వెళ్ళాం. ఇసకలో టేబుళ్ళు, కొవ్వొత్తులు, ఇంగ్లిష్ మెనూ, మనకంటే బాగా ఇంగ్లిష్ మాట్లాడే కుర్రాడు. రొయ్యలు చెప్పాం. వచ్చాయి. నాన్నగారు ఒకటి నోట్లో వేసుకుని నమిలి, ఇంకా నమిలి, "ఇది నీళ్ళు చూసి ఎన్నాళ్ళైందోరా" అన్నారు. ఆయన పాతికేళ్ళు రొయ్యల చెరువులు చేసిన మనిషి, రొయ్య విషయంలో ఆయన మాటకి మా ఇంట్లో అప్పీలు లేదు. బిల్లు హ్యూస్టన్ బిల్లులాగే ఉంది. ఆ హోటలు పేరు రాయను, ఎందుకంటే తప్పు వాళ్ళదని నేననుకోవడం లేదు. రాత్రి ఎనిమిదిన్నరకి జాలర్ల ఊళ్ళో రొయ్యలడిగిన నాదే తప్పు. అది అప్పటికింకా నాకు తెలీదు.

ఈ స్టార్ల గురించి ఒక్క మాట. బీచ్ ఊళ్ళో రేటింగు ఇచ్చేదెవరు? మూడురోజులుండి పోయేవాళ్ళు. వాళ్ళు అబద్ధం చెప్తారనడం లేదు, నేనూ అలాంటివాణ్ణే. కానీ మూడురోజులవాడు కొలిచేది తిండిని కాదు, తనకి ఎంత ఇబ్బంది లేకుండా గడిచిందో అది. మెనూ అర్థమైంది, కార్డు తీసుకున్నారు, వైఫై పాస్‌వర్డ్ ఇచ్చారు, సూర్యాస్తమయం ఫోటో బాగా వచ్చింది, కాబట్టి అయిదు స్టార్లు. అదే ఊళ్ళో నలభయ్యేళ్ళుగా పొద్దున్నే అదే మార్కెట్లో అదే బల్ల మీద తినేవాడు స్టార్లివ్వడు. వాడికి ఆ అవసరం ఏంటి? మనం మాత్రం మన వీధి చివరి ఇడ్లీ బండికి ఎప్పుడైనా రివ్యూ రాశామా?

అసలు మన ఊళ్ళో మనం ఎలా తింటామో గుర్తు తెచ్చుకుంటే చాలు. భీమవరంలో పొద్దున తొమ్మిదిన్నర దాటాక ఇడ్లీ బండి కోసం ఎవరూ వెతకరు, అయిపోయి ఉంటుందని తెలుసు. పునుగుల కోసం పొద్దున్నే ఎవరూ బయల్దేరరు, బజ్జీల బండివాడు మూకుడు పెట్టేదే సాయంత్రం నాలుగు తర్వాత. ఆదివారం మాంసం కొట్టు దగ్గర ఏడింటికి ఉండే జనం పదకొండుకి ఉండరు. హైదరాబాద్ వచ్చిన చుట్టం జనవరిలో "మంచి హలీం ఎక్కడ?" అని అడిగితే మనం పేరు చెప్పం, "రంజాన్‌కి రండి" అంటాం. ఏ వంటకానికి ఏ పూట, ఏ వారం, ఏ నెల అన్నది మనకి ఒంట్లోనే ఉంటుంది, అందుకే అది తెలివితేటలని కూడా మనకి తట్టదు. పరాయి ఊరు వెళ్ళగానే అదంతా వదిలేసి, పేరూ అడ్రసూ చేతిలో ఉంటే చాలు, ఏ టైముకి వెళ్ళినా మంచి తిండి దొరుకుతుందనుకుంటాం. సీవాలో ఆ లెక్క అస్సలు పనిచెయ్యదు. అక్కడ మంచి కొట్టు, చెత్త కొట్టు అని రెండు రకాలు లేవు. వేళకి తీసిన కొట్టుంది, వేళ కాని వేళలో మన కోసం తీసి ఉంచిన కొట్టుంది.

రెండోరోజు పొద్దున ఆరున్నరకే నాన్నగారు లేచి కూర్చున్నారు, జెట్‌లాగ్ లేకపోయినా చెరువుల అలవాటు. ఇద్దరం నడుచుకుంటూ ఊరి నడిబొడ్డునున్న ప్లాయా ప్రిన్సిపాల్ అనే బీచికి వెళ్ళాం, పడవల జెట్టీ పక్కనే. రాత్రి వేటకెళ్ళిన పడవలు (పాంగాలంటారు, మోటారు బిగించిన ఫైబర్ పడవలు) ఇసక మీదకి లాగేసి ఉన్నాయి, చేపలన్నీ థర్మోకోల్ పెట్టెల్లోనూ ప్లాస్టిక్ టబ్బుల్లోనూ అక్కడికక్కడే అమ్ముతున్నారు. నాన్నగారికి ప్రాణం లేచొచ్చింది. స్పానిష్ ఒక్క ముక్క రాదు, ఇంగ్లిష్ కూడా అంతంతే, అయినా ప్రతి టబ్బు దగ్గరా వంగి మొప్పలెత్తి చూస్తూ, చేపలవాళ్ళతో తెలుగులోనే మాట్లాడుతూ వెళ్ళారు. వాళ్ళూ స్పానిష్‌లో జవాబు చెప్పారు. ఇద్దరికీ అర్థమైనట్టే ఉంది. ఒక టబ్బులో సన్నగా పొడుగ్గా వెండిరంగులో, ఒంటి మీద పసుపు చుక్కలతో ఉన్న చేపని చూసి "ఇది మన వంజరం తమ్ముడురా" అన్నారు. తర్వాత చూస్తే నిజమే. దాన్ని అక్కడ సియెర్రా అంటారు, రెండూ ఒకే కుటుంబం చేపలు.

అక్కడ నేను చేప చూడలేదు, కొనేవాళ్ళని చూశాను. ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, ఏప్రన్ కట్టుకునే వచ్చింది, ఎర్రచేప ఒకదాన్ని వాచినాంగో అంటూ బేరమాడుతోంది, ఎత్తి పక్కన పెట్టేస్తోంది, మళ్ళీ తీస్తోంది. నాన్నగారు నా భుజం తట్టి "ఈవిడెక్కడ వండుద్దో కనుక్కో" అన్నారు. నా విరిగిన స్పానిష్‌లో అడిగాను. మార్కెట్టు వైపు చెయ్యి చూపించి "అ లాస్ దోస్" అంది, రెండింటికి అని. ఎక్కడ అని నేనడిగితే ఎప్పుడు అని ఆవిడ చెప్పింది. అప్పుడు నవ్వొచ్చింది గానీ, ఆ ఊరి గురించి నాకెవరైనా చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే.

రెండు అంటే అక్కడ భోజనాల వేళ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తినేదే వాళ్ళకి అసలు భోజనం, కొమీదా అంటారు. మార్కెట్టు లోపల నాలుగు స్టూళ్ళూ ఒక గట్టూ ఉండే కొట్లని ఫోండాలంటారు, మన మెస్సుల్లాంటివి. అందులో ఈ పూట పెట్టేది కొమీదా కొర్రీదా, అచ్చం మన మీల్స్: ముందు సూపు, తర్వాత అన్నం, ఆ రోజు వండిన కూర ఏదో ఒకటి, చిక్కుడుగింజలు, గుడ్డలో చుట్టిన వేడివేడి తోర్తియాలు (మొక్కజొన్న రొట్టెలు), ఒక గ్లాసు ఆగ్వా, అంటే పళ్ళో పువ్వులో వేసి చేసిన తియ్యటి నీళ్ళు. ఆ ఆగ్వాల్లో ముదురెరుపు రంగుది ఒకటుంటుంది, హమాయికా అని. మా ఆవిడ ఒక గుక్క తాగి "ఇది గోంగూర వాసనొస్తోందేంటండీ" అంది. గోంగూరే. మన ఎర్ర గోంగూర మొక్కకి కాసే ఎర్రటి కాయల మీది రేకుల్ని ఎండబెట్టి, నీళ్ళలో మరిగించి, పంచదార వేసి చల్లార్చింది. మనం ఆకు తిని కాయ వదిలేస్తాం, వాళ్ళు అటునుంచి మొదలుపెట్టారు. ఈ మీల్సు నాలుగు దాటితే అడుగంటుతుంది, అయిదుకి స్టూళ్ళు బోర్లించేస్తారు. పన్నెండుకి వెళ్తే కూరింకా పొయ్యి మీదే ఉంటుంది. అమెరికా అలవాటులో పన్నెండుకీ ఏడుకీ తినేవాళ్ళం కాబట్టి, మనకి ఆకలేసే రెండు వేళలూ ఆ ఊరికి పడనివే. టూరిస్టు రెస్టారెంట్లు బతికేది ఈ తేడా మీదే.

పొద్దున పూట కూడా మార్కెట్టే. గెరెరో వైపు అపొర్రెయాదీయో అనే టిఫిను ఒకటుంది, ఎండబెట్టిన గొడ్డుమాంసాన్ని దంచి పీచులుగా విడదీసి, గుడ్లు కొట్టి, ఎర్రకారపు గుజ్జులో కలిపి పెడతారు. తెలంగాణలో మాంసం ఒరుగులు తిని పెరిగినవాళ్ళెవరైనా ఆ వాసనకి ఆగిపోతారు. గొడ్డుమాంసం తిననివాళ్ళు ముందే అడిగి తెలుసుకోండి, చూస్తే తెలీదు.

సముద్రపు తిండి పదకొండు నుంచి మహా అయితే సాయంత్రం అయిదు దాకా. ఇది అక్కడి లెక్క, దీనికి కారణం కూడా సులువే: పొద్దున ఒడ్డుకొచ్చిన చేప మధ్యాహ్నానికి తినాలి. అసలైన మరిస్కెరియాలు, అంటే చేపలూ రొయ్యల కొట్లు, చీకటి పడకుండానే కడిగేసి మూసేస్తాయి. రాత్రిపూట కూడా చేపని బాగా వండే పెద్ద వంటవాళ్ళు సీవాలో లేరని కాదు, ఉన్నారు, దానికి తగ్గ డబ్బు కూడా తీసుకుంటారు. నేను చెప్పేది మామూలు కొట్ల సంగతి. సీవాకే చెందిన వంట ఒకటుంది, తిరీతాస్. పచ్చి చేపని పీలికలుగా కోసి, నిమ్మరసం, ఎర్ర ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉప్పు కలిపి, ఉప్పు బిస్కెట్ల మీద పెట్టుకుని తింటారు. పడవ మీద పొయ్యి లేని జాలర్లు కనిపెట్టిన తిండి, పేరు కూడా పీలికలనే. నాన్నగారు "పచ్చి చేపా? మనం పిల్లులమా?" అన్నారు. ముందు ఉల్లిపాయ ముక్కలూ బిస్కెట్లూ తిన్నారు. ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు ఒక పీలిక తిన్నారు. ఏమీ అనలేదు. కాసేపటికి ప్లేటు ఆయన వైపు జరిగి ఉంది.

ఇక రొయ్య. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, భీమవరం వాణ్ణి కదా. మన గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు టైగర్ రొయ్య వేసేవాళ్ళు. 1990ల మధ్యలో తెల్లమచ్చల వైరస్ వచ్చి చెరువులకి చెరువులు కొట్టుకుపోయాయి. తర్వాత 2009లో ప్రభుత్వం వనామి రొయ్యకి అనుమతిచ్చింది, ఇవాళ మన చెరువుల్లో ఎక్కువగా ఉన్నది అదే, అమెరికా సూపర్‌మార్కెట్లలో దొరికే రొయ్యల్లో చాలావాటి మీద ఇండియా అని ఉండేదీ దాని వల్లే. ఆ వనామి పుట్టిల్లు ఈ సముద్రమే. మెక్సికోలోని సొనోరా నుంచి పెరూ ఉత్తరం దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని సొంతూరు. ఈ సంగతి చెప్పినప్పుడు నాన్నగారు చాలాసేపు నీళ్ళవంక చూస్తూ కూర్చున్నారు. తర్వాత "అక్కడ ఏరేటర్ (చెరువు నీళ్ళలో గాలి కలిపే మిషను) ఆగితే గంటలో తేలిపోయేదిరా, ఇక్కడ మేతా లేదు, కరెంటూ లేదు, ఎలా బతుకుతుందో చూడు" అన్నారు, కాస్త కోపంగా.

దీనికీ వేళుంది, ఇది నెలల లెక్క. పసిఫిక్ వైపు సముద్రపు రొయ్యల వేటని మెక్సికోవాళ్ళు దాదాపు మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఆపేస్తారు. స్పానిష్‌లో దాన్ని వేదా అంటారు, మనవాళ్ళు వింటే ఇంకేదో అనుకుంటారు. మన తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతారు చూడండి, అలాంటిదే, ఇంకా పొడుగు. కాబట్టి మే నెలలో ఎవరైనా "ఈ ఉదయమే సముద్రంలో పట్టిన రొయ్య" అని చెప్తే అది సొనోరాలోనో సినలోవాలోనో చెరువులో పెరిగిందో, ఫ్రీజర్లోంచి దిగిందో అయ్యుంటుంది. చెరువు రొయ్య తప్పేం కాదు, మమ్మల్ని చదివించింది అదే. సముద్రపు రొయ్య రేటు పెట్టి చెరువు రొయ్య తినడం ఎందుకని. ఏ నెలలో వెళ్ళినా తలతో సహా, పెంకుతో సహా చెప్పండి, మనమే ఒలుచుకుని తినేలా. తల నల్లబడి మెడ దగ్గర వదులైతే పాతదని మన ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒలిచేసి, వెన్నా వెల్లుల్లీ పోసి తెచ్చిన రొయ్య వయసు దేవుడికే తెలియాలి.

గురువారం సంగతి ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే నా వాదనంతా నిలబడేది దాని మీదే. గెరెరో రాష్ట్రంలో గురువారం అంటే పొసోలె. పెద్దగింజల తెల్ల మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి, తొక్క తీసి, మళ్ళీ గంటలకొద్దీ ఉడికిస్తే గింజ పువ్వులా విచ్చుకుంటుంది. మన గుగ్గిళ్ళని పులుసులో వేసినట్టు దాన్ని పంది మాంసంతోనో కోడితోనో కాచి పెద్ద మట్టి గిన్నెలో పోసిస్తారు. గెరెరోలో ముఖ్యంగా ఆకుపచ్చ పొసోలె. ఆ పచ్చదనం ఆకుకూరలదీ, తొమాతీయో అనే పుల్లటి పచ్చికాయదీ, నూరిన గుమ్మడిగింజలదీ. పక్కన ఇంకో పళ్ళెం నిండా అవకాడో, ఉల్లిపాయ, నిమ్మకాయ, ఎండు ఒరేగానో, కరకరలాడే పందితోలు, కొన్నిచోట్ల డబ్బా సార్డీను చేపలు కూడా. గిన్నెలో ఎవరికి కావాల్సింది వాళ్ళు వేసుకోవాలి. గురువారమే ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పారు, ఏదీ రెండోవాడు ఒప్పుకోలేదు.

మేము ఆ వీధిలో అప్పటికి మూడురోజులుగా తిరుగుతున్నాం. ఆ పసుపుపచ్చ తలుపు రోజూ చూశాం, రోజూ మూసే ఉంది, ఎవరిదో ఇల్లనుకున్నాం. గురువారం మధ్యాహ్నం దాటాక అటుగా వెళ్తుంటే తలుపు తీసి ఉంది. అట్టముక్క మీద మార్కరుతో "ఓయ్ పొసోలె", ఈరోజు పొసోలె ఉందని. లోపల వసారాలో ప్లాస్టిక్ కుర్చీలు, బ్యాంకు యూనిఫాంలో అమ్మాయిలు, సిమెంటు దుమ్ముతో మేస్త్రీలు, ఒక ముసలాయన ఒక్కడే టేబుల్ మొత్తం ఆక్రమించి పేపరు చదువుతూ. నాన్నగారు గుమ్మం దగ్గర ఆగి, కిందకి చూసి, "పద, తినొచ్చు" అన్నారు. ఏంటి నాన్నగారూ అంటే "చెప్పులు చూడు, ఒక్కడివైనా బీచి చెప్పులున్నాయా?" అన్నారు. మా ముగ్గురివే.

ఆ గిన్నె గురించి వర్ణించి రాయడం నా వల్ల కాదు. ఒక్కటి చెప్తాను, మా ఆవిడ స్పూను పక్కన పెట్టి రెండు చేతులతో గిన్నెత్తి అడుగున మిగిలింది తాగేసింది, పెళ్ళయిన పన్నెండేళ్ళలో నేను చూడనిది. శుక్రవారం మళ్ళీ వెళ్ళాం. తలుపు మూసి ఉంది. ఎదురింటి పిల్లాడు మావైపు జాలిగా చూసి "హువేవెస్" అన్నాడు. గురువారం అని.

ఆ కొట్టుని మ్యాప్‌లో వెతికి చూశాను. లేదు. ఉన్నా ఏం లాభం, సోమవారం వెళ్ళినవాడు మూసి ఉందని ఒక స్టారిచ్చి పోతాడు.

రాత్రి ఏడు దాటితే తాకోలు, అంటే చిన్న తోర్తియాలో మాంసం పెట్టి మడిచి ఇచ్చేవి. ఇనపకడ్డీకి గుచ్చి తిప్పుతూ కాల్చే పాస్తోర్ మాంసం, లెబనాన్ నుంచి మెక్సికో వచ్చి స్థిరపడినవాళ్ళ షవర్మా నుంచి పుట్టిన వంటకం, చీకటి పడ్డాకే సరిగ్గా కాలుతుంది. ఏడున్నరకి గుండ్రంగా నిండుగా ఉన్న మాంసం పదింటికి సన్నబడిపోయే బండి దగ్గర నిలబడండి. సాయంత్రం నాలుగింటికే ఎండిపోయిన కడ్డీతో కనిపించే బండిని దాటి వెళ్ళిపోండి. కడుపు పాడవుతుందని మనవాళ్ళకి భయం, నాకూ ఉంది. కానీ జనం ఒత్తిడికి నిమిషం తీరిక లేని బండి మీద ఏదీ నిలవుండదు, ఖాళీ రెస్టారెంటు ఫ్రిజ్‌లోనే అన్నీ నిలవుంటాయి. ప్లేటుకి ప్లాస్టిక్ కవరు తొడిగి పెడితే అసహ్యపడకండి, బండి దగ్గర కుళాయి లేదు కాబట్టి మనిషికో కొత్త కవరు, అంతే. కుళాయి నీళ్ళు అక్కడివాళ్ళే తాగరు, ఇంటింటికీ ఇరవై లీటర్ల క్యాను కొనుక్కుంటారు. ఐసు కూడా కొట్లలో సంచుల్లో కొన్నదే, శుద్ధి చేసిన నీళ్ళది. పదిరోజుల్లో మాలో కడుపు పాడైంది నాకొక్కడికే, అదీ ఇస్తాపాలో ఒక బఫేలో తిన్నందుకు.

శనివారం మా ఆవిడ నీచు తినదు. దీని మీద వేరే పోస్టే రాయొచ్చు గానీ ముఖ్యమైన సంగతి ఇది: "మాంసం లేదు" అంటే సరిపోదు, చిక్కుడుగింజల్లో పందికొవ్వుంటుంది, అన్నం కోడి ఉడికించిన నీళ్ళలో వండుతారు, రెండూ వాళ్ళ దృష్టిలో మాంసం కాదు. "సిన్ మంతేకా" అని అడిగి చూడండి, అంటే కొవ్వు లేకుండా అని. సాయంత్రం పెనం పెట్టుకుని కేసదీయాలు (లోపల కూరేదైనా పెట్టి మడిచిన తోర్తియాలు) కాల్చే ఆడవాళ్ళ దగ్గరికెళ్తే గుమ్మడిపువ్వు, నాగజెముడు ముక్కలు, పుట్టగొడుగులు ఉంటాయి. నాగజెముడు తినడమేంటని నాన్నగారు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారు.

ఆదివారం ఊరివాళ్ళు ఊళ్ళో తినరు. పెతత్లాన్ వైపు బస్సెక్కి లోస్ అచోతెస్ దగ్గర దిగి, వెనక బల్లలు వేసిన ట్రక్కులో బార్రా దె పొతొసీ వెళ్తారు. ఒకవైపు సముద్రం, ఒకవైపు ఉప్పుటేరు, మధ్యలో తాటాకు పందిళ్ళలాంటి హోటళ్ళు. చేపని వెన్ను దగ్గర చీల్చి పుస్తకంలా తెరిచి, ఎర్రకారం పట్టించి నిప్పుల మీద కాల్చి పెడతారు, అ లా తాయా అంటారు. పన్నెండుకల్లా చేరండి, మూడు తర్వాత చేప పెద్దది దొరకదు. బిల్లు మనం అడిగేదాకా తేరు, అడక్కుండా తేవడం మర్యాద కాదని వాళ్ళ లెక్క. మేము మొదట్లో మమ్మల్ని పట్టించుకోవట్లేదని గింజుకున్నాం.

ఇదంతా చదివి "తిండికోసం టైంటేబులు పెట్టుకుని సెలవులు గడపాలా?" అని అడిగేవాళ్ళుంటారు. మా ఆవిడే అడిగింది. సముద్రం ఎదురుగా సాయంత్రం కూర్చోవాలనిపించడంలో తప్పేం లేదు, మేమూ కూర్చున్నాం, ప్లాయా లా రోపాలో రెండు సాయంత్రాలు. కాకపోతే అక్కడ డబ్బులిచ్చేది కుర్చీకి అని తెలిసి కూర్చోవాలి. ఒక నిమ్మసోడా, కాస్త వాకమోలె (అవకాడో పచ్చడి) చెప్పుకుని సూర్యుణ్ణి సాగనంపి, తాకో బండి దగ్గరికి నడవాలి. "అసలు సిసలు లోకల్" తిండి వేటాడే పిచ్చి కూడా నాకు లేదు, టూరిస్టు మొహం కనబడకూడదనుకునే టూరిస్టుని మించిన టూరిస్టు లేడు. ఆ బ్యాంకు అమ్మాయిలు లోకల్ తిండి తినట్లేదు, గురువారం భోజనం చేస్తున్నారు.

బావమరిదికి ఇవన్నీ రాసి పంపాను. మేలో రొయ్యలు వద్దు, పొద్దున ఏడింటికి బీచి, రెండింటికి మార్కెట్టు, ఏడు తర్వాత తాకోలు, గురువారం పొసోలె. చదివినట్టు నీలి టిక్కులు పడ్డాయి. పది నిమిషాలకి జవాబొచ్చింది: "సూపర్ బావా. ఆ పొసోలె హోటల్ పేరు?"

నాన్నగారికేమైనా గుర్తుందేమోనని భీమవరం ఫోన్ చేశాను. "ఎవరు, ఆ పసుపు తలుపావిడా? పేరు మనం అడగలేదు కదరా" అన్నారు. వెంటనే, "అది సరేగానీ, ఆ పడవల దగ్గర తలతో ఉన్న పెద్ద రొయ్య కిలో ఎంత చెప్పాడు? ఇక్కడ వంద కౌంటు (కిలోకి వంద తూగే రొయ్య) రేటు మళ్ళీ పడిపోయింది."

పెసోల్లో చెప్పాను. రూపాయల్లో చెప్పమన్నారు.